ఇంటికీ కావాలి జీర్ణోద్ధరణ

మానవుని కనీసావసరాలను పేర్కొనేటప్పుడు పెద్దలు కూడు, గుడ్డ, గూడు అని వరుసగా చెబుతారు. కూడు పూటపూటకూ కావాలి. గుడ్డ ఏడాదికొకమారైనా మారుతుంది. గూడు మాత్రం తరాలపాటు నిలుస్తుంది. తాత కట్టిన ఇంటిలో మనుమడు పెరగడం తెలుగునాట నిన్నమొన్నటి వరకు సర్వసాధారణమైన విషయం. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత గృహనిర్మాణంలోని కష్టాన్ని చెబుతుంది. కట్టిన ఇంటిని నిలుపుకోవడం అంతకంటె తేలికైన పని కాదు. అయితే కట్టేవానికి దక్కే గౌరవం నిలుపుకొనేవానికి నేటి సమాజంలో దక్కడం లేదు.

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి బాగుచేయడాన్ని జీర్ణోద్ధరణ అంటారు. అది పుణ్యకార్యమని తెలుగువారి విశ్వాసం. ప్రాచీన వాస్తుగ్రంథమైన మయమతంలో జీర్ణమైన కట్టడాలను చక్కదిద్దే విధానానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఏ భాగాన్ని నిలపాలి, ఏ భాగాన్ని తొలగించాలి, కొత్తగా చేర్చేది పాతదానికి ఎట్లా పొసగాలి అన్న విచారణ పూర్వులకు ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. గుడికి చెల్లిన ఈ గౌరవం ఇంటికి ఎందుకు చెల్లదు? అరవై డెబ్బై ఏళ్ళ ఇంటిని ‘పాతకొంప’ అని ఈసడించి, గునపాలకు అప్పగించడమే అభివృద్ధి అని ఎందుకు భావిస్తున్నారు? గత శతాబ్ది మధ్యకాలంలో కట్టిన వేలాది ఇళ్ళు నేడు తెలుగు పట్టణాలలో ఈ ప్రశ్నకు సమాధానం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ ఇళ్ళను కూల్చనవసరం లేదు. ఉన్నవి ఉన్నట్లుగా పూజించనవసరమూ లేదు. మన్నిక, సౌఖ్యం, ప్రకృతితో పొత్తు అనే మూడు లక్ష్యాలను ముందుంచుకొని వాటికి కొత్త ఊపిరి పోయడమే వివేకవంతమైన మార్గం.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కాలంలో పట్టణాలు కొత్తగా విస్తరించాయి. ఉపాధ్యాయులు, వకీళ్ళు, వ్యాపారులు, ఉద్యోగస్థులు స్థిరనివాసాలు ఏర్పరచుకున్నారు. ఆ రోజులలో సిమెంటు అంగడిలో కోరినంత దొరికే వస్తువు కాదు. దాని ధరపై, పంపిణీపై ప్రభుత్వ నియంత్రణ ఉండేది. ఆ నియంత్రణ 1982లో పాక్షికంగాను, 1989లో పూర్తిగాను తొలగిపోయింది. అందువల్ల ఆనాటి గృహస్థులు గోడలను ఇటుకతో, గానుగలో ఆడించిన డంగు సున్నంతో కట్టించి, సిమెంటును పొదుపుగా వాడుకున్నారు. కోస్తా జిల్లాలలో కొందరు బెంగుళూరు పెంకుల ఇళ్ళు కట్టుకున్నారు. మరికొందరు టేకు దూలాలపై సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దట్టించిన మద్రాసు మిద్దెలు వేయించుకున్నారు. రాయలసీమలో రాతిగోడలపై చవుడు పరచిన మిద్దెలు, నాపరాళ్ళ నేలలు కనిపిస్తాయి. తెలంగాణలో నడిమింట ఆకాశం కనిపించే భవంతి, గూనపెంకుల కప్పు ప్రసిద్ధం. వీటిలో చాలా ఇళ్ళకు ముందుభాగాన ఒక చిన్న సిమెంటు స్లాబు కూడా ఉంటుంది. అది ఆనాటికి ఆధునికతకు చిహ్నం. పాత, కొత్త నిర్మాణపద్ధతులు ఒకే కప్పు కింద కలిసిన సంధికాలపు ఇళ్ళు ఇవి.

ఇటువంటి ఇల్లు ఒక యంత్రం వంటిది. అందులోని ప్రతి అంగానికి ఒక పని ఉన్నది. అడుగున్నర మందం గల గోడ పగటి వేడిని లోపలికి త్వరగా చేరనివ్వదు. 12 అడుగుల ఎత్తున ఉన్న కప్పు కింద వేడిగాలి పైకి చేరితే, పైనున్న గవాక్షాలు దానిని వెలుపలికి పంపుతాయి. ముందుకు దిగిన చూరు ఎండను, జల్లును గోడమీద పడనివ్వదు. వీధి తలుపు, పెరటి తలుపు ఒకే వరుసలో ఉండడం వల్ల గాలి ఇల్లంతా ప్రయాణం చేస్తుంది. మండువా వెలుతురునిస్తుంది, వానను లోపలికి ఆహ్వానించి తూము ద్వారా సాగనంపుతుంది. వీధి అరుగు బాటసారికి ఆసనం. పెరటి నుయ్యి ఇంటికి జీవనాధారం. ఈ అంగాలలో ఏ ఒక్కదానిని మార్చినా మిగిలిన వాటి పని చెడుతుంది. ఈ సత్యాన్ని గ్రహించకుండా చేసే మరమ్మతే పాత ఇంటికి అన్నింటికంటె పెద్ద శత్రువు.

నేడు జరుగుతున్నది చాలావరకు అటువంటి మరమ్మతే. దొంగల భయంతోనో, గది కలిసివస్తుందన్న ఆశతోనో మండువాపై స్లాబు వేస్తారు. దానితో నడిమిల్లు చీకటి గుహగా మారుతుంది. గవాక్షాలను మూసి శీతల యంత్రాలను బిగిస్తారు. పెరడంతా సిమెంటు పరచి, పైన మెరిసే పలకలు అతికిస్తారు. ఆపైన ‘ఈ ఇంట్లో ఉక్క భరించలేము, పడగొట్టి కట్టుకోవడమే మేలు’ అంటారు. ఇంటి స్వభావాన్ని చెడగొట్టిన పిమ్మట ఇంటిపై నేరం మోపడం న్యాయం కాదు. రోగాన్ని తెచ్చిపెట్టినవాడే రోగిని నిందించినట్లున్నది ఈ వైఖరి.

మొదటి లక్ష్యం మన్నిక. పాత ఇంటిని కూల్చేది వయస్సు కాదు, నీరు. కప్పులోని చిన్న పగులు నుంచి, పగిలిన పెంకు నుంచి, పూడుకుపోయిన తూము నుంచి, పిట్టగోడపై మొలిచిన రావిమొక్క వేళ్ళ నుంచి నీరు గోడలోకి దిగుతుంది. కిందినుంచి కూడా చెమ్మ ఎక్కుతుంది. దీనికి ఒక విచిత్రమైన కారణం ఉన్నది. పట్టణాలలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదానిని తవ్వకుండా దానిమీదనే కొత్త పొర వేస్తుంటారు. వీధి ఎత్తు పెరుగుతుంది. ఇల్లు పల్లానికి దిగిపోతుంది. ఒకనాడు మూడు మెట్లెక్కి చేరిన అరుగు నేడు వీధితో సమానమవుతుంది. వాననీరు పునాది వద్ద నిలుస్తుంది. కనుక పునరుద్ధరణలో మొదటి రూపాయిని రంగులపై కాక నీటిని ఇంటికి దూరంగా నడిపించే కాలువలపై, తూములపై, కప్పుపై వెచ్చించాలి.

చెమ్మెక్కిన సున్నపు గోడకు సిమెంటు పూత పూయించడం సర్వత్రా కనిపించే పొరపాటు. సున్నం తేమను పీల్చుకొని, ఎండలో తిరిగి వదలిపెడుతుంది. అది గోడకు చర్మం వంటిది. సిమెంటు ఆ శ్వాసకు అడ్డుపడుతుంది. లోపల చిక్కిన తేమ బయటపడే దారిలేక గోడలో మరింత పైకి ప్రాకుతుంది. నీటితో వచ్చిన లవణాలు ఇటుకలలోనే గడ్డకట్టి వాటిని పొడిపొడిగా రాలుస్తాయి. పూత పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల గోడ గుల్ల అవుతుంది. మూడు నాలుగేళ్ళకు పెచ్చులూడితే మళ్ళీ సిమెంటే పూస్తారు. సున్నపు గోడకు సున్నపు పూతయే తగినది. పైగా సున్నానికి మరొక గుణం ఉన్నది. సన్నని బీట ఏర్పడినప్పుడు అందులోకి దిగిన నీరు కొంత సున్నాన్ని కరిగించి, గాలి సోకగానే తిరిగి గట్టిపరచి, ఆ బీటను తానే పూడ్చుతుంది. దెబ్బ తగిలినా తనను తాను మాన్పుకొనే ఈ శక్తి సిమెంటు పూతలో అంతగా కనిపించదు.

కొయ్య విషయంలోనూ ఇటువంటి విచక్షణ అవసరం. టేకు దూలం మధ్యభాగంలో సాధారణంగా చెడదు. గోడలోనికి దూరి, గాలి తగలక, చెమ్మ తాకే కొనలవద్దనే పుచ్చుతుంది. సుత్తితో తట్టి చూస్తే పుచ్చినచోట బోలు శబ్దం వినిపిస్తుంది. అనుభవజ్ఞుడైన వడ్రంగి ఆ కొన వరకు కోసి, కొత్త కొయ్యను అతికించి, ఇనుప పట్టీలతో బిగించగలడు. ఒక కొన చెడినందుకు దూలమంతా పారవేయడం పంటినొప్పికి తల తీయించుకోవడం వంటిది. ఇక ఆనాటి స్లాబుల విషయానికి వస్తే, వాటిలోని ఇనుపకడ్డీలకు తుప్పు పట్టడం ప్రధానమైన జబ్బు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగులగొడుతుంది. పెచ్చులూడినచోట పైపైన పూత పూస్తే జబ్బు దాగుతుందే గాని నయం కాదు. వదులైన కాంక్రీటును తొలగించి, కడ్డీకి పట్టిన తుప్పును గీకి, అవసరమైతే కొత్త కడ్డీ చేర్చి, అప్పుడు పూడ్చాలి. కడ్డీలు బొత్తిగా సన్నబడిపోతే ఆ స్లాబును తొలగించడమే క్షేమం. సున్నపు గోడలపై మరొక అంతస్తు వేయదలచినవారు ఇంజనీరుతో పునాదిని పరీక్షింపజేసిన తరువాతనే ఆ మాట తలపెట్టాలి.

కోస్తాకు తుఫాను మరొక పరీక్ష. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను, 1996 నవంబరులో కోనసీమను కుదిపివేసిన పెనుగాలిని, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌ను తెలుగువారు మరువలేరు. గాలి మొదట పట్టేది చూరునే. చివరి వరుసల పెంకులను తీగతో వాసాలకు బిగించడం, కొప్పు పెంకులను సున్నంతో గట్టిగా అమర్చడం, వాసాలను దూలాలకు, దూలాలను గోడలకు ఇనుప పట్టీలతో కట్టివేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. అయినా ఇటువంటి పనులను నిర్లక్ష్యం చేసి, ముందు వాకిలికి ఇత్తడి గుబ్బలు బిగించుకొనేవారు ఎందరో ఉన్నారు.

రెండవ లక్ష్యం సౌఖ్యం. తెలుగునేలపై సౌఖ్యమంటే ప్రధానంగా వేడినుంచి రక్షణ. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి చల్లని ఇల్లు విలాసం కాదు, ప్రాణరక్షణ సాధనం. నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రివేళ ఆ వేడిని ఇంటిలోకి వదలుతుంది. మందమైన మద్రాసు మిద్దె, గాలి ఆడే పెంకుటికప్పు అంతగా బాధించవు. వాటికి తోడు మిద్దెపై తెల్లని సున్నం వేస్తే ఎండ చాలావరకు తిరిగి ఆకాశానికే పోతుంది. పడమటి గోడకు తడికో, తీగపందిరో నీడనిస్తే గదిలోని వేడి ఇంకా తగ్గుతుంది. ప్రభుత్వాలు కూడా ఈ దిశగా ఆలోచిస్తున్నాయి. నివాసగృహాలు వేడిని ఎంతవరకు లోపలికి రానీయవచ్చునో నిర్ణయిస్తూ కేంద్రం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ను వెలువరించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. పాత ఇళ్ళు ఏనాడో చేసి చూపిన పనినే ఈ నియమాలు కొత్త భాషలో చెబుతున్నాయి.

అయితే సౌఖ్యం ఎవరికి అన్న ప్రశ్నను కూడా నిర్మొగమాటంగా వేసుకోవాలి. పాత ఇంటిని గూర్చి పలవరించేవారు తరచుగా అరుగును, మండువాను, ఉయ్యాలబల్లను తలచుకుంటారు. ఆ ఇంటిలోని వంటగదిని తలచుకొనేవారు తక్కువ. పొగచూరిన గోడలు, చిన్న కిటికీ, నేలమీద కూర్చుండి ఊదవలసిన పొయ్యి — ఇల్లాలి జీవితంలో సగభాగం ఆ గదిలోనే గడిచింది. ఇంటి మొత్తంలో గాలి వెలుతురు అన్నిటికంటె తక్కువగా ఉన్నచోటు ఆమెకు దక్కింది. మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. దానిని శుభ్రపరచే మనిషి రావడానికి వేరే దారి ఉండేది. ఆ మనిషికి ఇంటిలోకి ప్రవేశం ఉండేది కాదు. కడప దాటనీయని ఆచారాలకు కూడా ఆ ఇంటి గోడలు ఆకారమిచ్చాయి. కులం పేరిట, స్త్రీపురుష భేదం పేరిట మనుషులను వేరుచేసిన ఏర్పాట్లను సంప్రదాయమన్న పేరుతో కాపాడవలసిన అవసరం లేదు.

అందువల్ల పునరుద్ధరణ ఇంటి బలాన్ని నిలుపుతూనే ఇంటి అన్యాయాన్ని తొలగించాలి. వంటగదికి పెద్ద కిటికీ పెట్టాలి. నిలుచుండి పనిచేయడానికి గట్టు, పొగ పోవడానికి మార్గం అమర్చాలి. రాత్రివేళ వృద్ధులు పెరటికి నడవనవసరం లేకుండా పడకగది పక్కనే మరుగుదొడ్డి కట్టాలి. ఎత్తైన గడపలను తగ్గించి, ఒకవైపు మెట్లకు బదులుగా ఏటవాలు బాట ఏర్పరిస్తే చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా స్వేచ్ఛగా తిరుగగలరు. మండువాను మూయకుండా దానిపై ఇనుప చట్రాన్ని, సన్నని వలను బిగిస్తే దొంగల భయమూ, దోమల బాధా తీరుతాయి, ఆకాశమూ మిగులుతుంది. ఏనాటివో అయిన విద్యుత్తు తీగలను పూర్తిగా మార్చి, భూమికి సరైన అనుసంధానం చేయించాలి. ఇట్టి మార్పులు ఇంటి ప్రాచీనతకు భంగం కలిగించవు. అది మరొక తరానికి ఉపయోగపడేటట్లు చేస్తాయి.

మూడవ లక్ష్యం ప్రకృతితో పొత్తు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో గృహనిర్మాణాన్ని వివరించే వాస్తువిద్య, భూగర్భజలాన్ని కనుగొనే దకార్గళం, చెట్ల పెంపకాన్ని తెలిపే వృక్షాయుర్వేదం అనే అధ్యాయాలను ఒకదాని వెంట ఒకటిగా కూర్చాడు. ఈ క్రమంలో ఒక గొప్ప ఆలోచన స్ఫురిస్తుంది. ఇల్లు, నీరు, చెట్టు వేరువేరు విషయాలు కావు. గోడలు మాత్రమే కట్టి ఇల్లు కట్టామనుకోవడం అసంపూర్ణమైన భావన. వాస్తు పేరిట గుమ్మాల దిక్కులను మాత్రమే పట్టించుకొని, అదే ఇంటిలోని నూతిని పూడ్చివేసేవారు శాస్త్రంలో సగాన్ని విడిచిపెట్టినవారే.

ఒక చిన్న లెక్కను గమనించవచ్చు. 100 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదిలో 1,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ నీటి పరిమాణం లక్ష లీటర్లు. ఆవిరైనది, చిందిపోయినది పోగా మిగిలినదానిని ఇసుక, కంకర, బొగ్గు పొరలగుండా వడగట్టి పెరటి నూతికి మళ్ళిస్తే నూతికి మళ్ళీ ఊట వస్తుంది. తొలకరి జల్లులో కప్పుమీది దుమ్ము కొట్టుకువస్తుంది కనుక ఆ మొదటి నీటిని విడిచిపెట్టాలి. పెరడంతా సిమెంటు పరిచిన ఇంటిలో ఈ లక్ష లీటర్లు వీధి కాలువ పాలవుతాయి. ఆ నీరే పల్లపు వీధులను ముంచుతుంది. ఆ ఇంటివారే వేసవిలో నీటి ట్యాంకరుకోసం బిందెలతో నిలుచుంటారు. నీటిని, నేలను, చెట్లను కలిపి సంరక్షించాలన్న ఉద్దేశంతో 2002లో ‘వాల్టా’ చట్టం రూపొందింది. చట్టం మాట అటుంచి, పెరటిలో నాలుగు గజాల మట్టిని ఊపిరి పీల్చుకోనివ్వడం గృహస్థు కనీస ధర్మం.

ప్రకృతితో పొత్తు అంటే విదేశీ గడ్డి పరచి, రోజూ నీరు పోసి, దానిమీద నడవవద్దని బల్ల తగిలించడం కాదు. పడమటివైపు వేప, స్నానపు నీరు పారేచోట అరటి, వంటింటి గుమ్మం దగ్గర కరివేప, గోడకు దూరంగా మామిడి, సన్నజాజి పందిరి, తులసికోట — తెలుగు పెరటికి తనదైన వ్యాకరణం ఉన్నది. ఆ మొక్కలు తక్కువ నీటితో నీడనిస్తాయి, కూరకు ఆకునిస్తాయి, పిట్టకు గూడునిస్తాయి. ఇక్కడ కూడా వివేకం అవసరం. కృష్ణా, గుంటూరు ప్రాంతాలలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, వేసవిలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పెద్ద చెట్టు గోడకు మరీ దగ్గరగా ఉంటే దాని వేళ్ళు తేమను పీల్చి ఈ కదలికను ఎక్కువ చేస్తాయి. గోడలు బీటలు వారుతాయి. చెట్టు ఇంటిని చల్లబరచేంత దగ్గరగా, పునాదిని కదిలించనంత దూరంగా ఉండాలి.

ఈ మార్గంలో నడిచి చూపిన వాస్తుశిల్పులు పొరుగునే ఉన్నారు. శ్రీలంకకు చెందిన జెఫ్రీ బావా 1958లో కొలంబోలో వరుసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్ళలో ఒకదానిలో చేరాడు. తరువాత ఒక్కొక్కటిగా మిగిలినవాటిని కూడా సంపాదించి, నాలుగింటినీ కలిపి ఒకే నివాసంగా మలచుకున్నాడు. పాత భవనాలనుంచి సేకరించిన స్తంభాలను, తలుపులను అందులో అమర్చాడు. ఇరుకు ఇళ్ళ నడుమ చిన్నచిన్న ముంగిళ్ళను తెరచి ఆకాశాన్ని, వానను లోపలికి తెచ్చాడు. బెంతోట సమీపంలో 1948లో కొన్న లునుగంగ తోటలోని పాత బంగళాను, చుట్టూ ఉన్న కొండను, సరస్సును ఒకే చిత్రంలో ఇమిడేటట్లు అర్ధశతాబ్దం పాటు దిద్దుకుంటూ వచ్చాడు. ఇంగ్లండులో పుట్టి, కేరళను స్వస్థలం చేసుకున్న లారీ బేకర్ (1917–2007) స్థానికంగా దొరికే ఇటుకతో, సున్నంతో, పాత తలుపులతో సామాన్యులకు అందుబాటులో ఉండే ఇళ్ళు కట్టాడు. పాత వస్తువును తిరిగి వాడడం లేమికి గుర్తు కాదని, అది ఉత్తమ అభిరుచికి నిదర్శనమని ఈ ఇద్దరూ నిరూపించారు.

ఇన్ని చెప్పినా, ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. మరమ్మతుకు ఖర్చు ఎక్కువ, నమ్మకమైన పనివారు దొరకరు అన్నది మొదటి అభ్యంతరం. ఇది కొంతవరకు నిజం. అయితే మరమ్మతును దశలవారీగా చేసుకోవచ్చు. ఈ ఏడు కప్పు, వచ్చే ఏడు గోడలు, ఆపై ఏడు వంటగది అని విభజించుకోవచ్చు. కొత్త ఇంటికి ఆ సౌలభ్యం లేదు. అప్పు ఒక్కసారిగా మెడకు చుట్టుకుంటుంది. ఇంటికి హక్కుదారులు నలుగురైదుగురు, అందులో ఇద్దరు విదేశాలలో ఉన్నారన్నది రెండవ అభ్యంతరం. నిజానికి ఇళ్ళను కూల్చుతున్న కారణాలలో చెదపురుగుకంటె ఇది బలమైనది. పంపకం తెగక తాళం పడిన ఇల్లు రెండు వర్షాకాలాలు దాటేసరికి చెడిపోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పెద్దవారు బ్రతికి ఉండగానే కూర్చుండి, ఇల్లు ఎవరికి, దాని విలువలో ఎవరి వాటా ఎంత అని తేల్చుకోవడం సగం మరమ్మతుతో సమానం. స్థలం విలువ పెరిగినప్పుడు ఒక కుటుంబం ఉన్నచోట పది కుటుంబాలు ఉండగల భవనం కట్టడం సమాజానికి మేలు కాదా అన్నది మూడవ అభ్యంతరం. ఇది ఆలోచించదగినది. జనసమ్మర్దం గల నగరంలో ప్రతి పాత ఇంటినీ నిలపడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు. పునాది కుంగి, గోడలు వాలి, నివసించేవారి ప్రాణాలకు ముప్పు తెచ్చే ఇంటిని కూల్చవలసిందే. అప్పుడు కూడా దూలాలను, తలుపులను, నాపరాళ్ళను, ఇటుకలను విడదీసి మరొక ఇంటికి ఉపయోగించడం ఉచితం.

కూల్చివేతకు అయ్యే ఖర్చు గృహస్థు లెక్కలపుస్తకంతో ముగియదు. ఇటుక చేయడానికి పొలం పైమన్ను కావాలి, కాల్చడానికి బొగ్గో ఊకో కావాలి. కాంక్రీటుకు నదీగర్భంలోని ఇసుక కావాలి. సిమెంటు తయారీలో సున్నపురాయిని తీవ్రమైన వేడిలో కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ప్రపంచం మొత్తంమీద మానవుడు వెలువరించే ఆ వాయువులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమదే. పాత ఇంటిలోని ఇటుక ఏనాడో కాలింది. ఆ దూలపు చెట్టు ఏనాడో కూలింది. వాటి ఋణం తీరకముందే వాటిని చెత్తగా చెరువులో పోసి, కొత్త ఋణం చేయడం ఏమి ఆర్థికశాస్త్రం? ఆ చెరువు కూడా పూడిపోయి, మరుసటి వానకు వీధులలోకి నీరు వచ్చినప్పుడు దైవాన్ని నిందించడం ఏమి న్యాయం?

ఇక పనివారి కొరత. సున్నం గానుగ పట్టడం, మద్రాసు మిద్దె వేయడం, దూలాన్ని అతకడం తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు వృద్ధులైపోతున్నారు. వారి బిడ్డలు ఇతర వృత్తులకు తరలిపోయారు. పని దొరకని విద్య తరువాతి తరానికి అందదు. ఒక పాత ఇంటిని బాగుచేయించే గృహస్థు ఆ విద్యకు కూడా ఆయుష్షు పోస్తాడు. 2008లో విజయవాడలో ప్రణాళిక, వాస్తుశిల్ప విద్యాలయం, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అటువంటి సంస్థలలో చదివే యువకులు ముసలి మేస్త్రీల వద్ద కూర్చుండి వారి అనుభవాన్ని కొలతలతో, చిత్రాలతో నమోదు చేసుకుంటే శాస్త్రానికీ లాభం, మేస్త్రీకీ గౌరవం. పురపాలక సంఘాలు కొత్త భవనాల అనుమతులకు చూపే శ్రద్ధలో కొంత పాత ఇళ్ళ మరమ్మతుకు చూపి, పన్నులో రాయితీ వంటివి కల్పిస్తే ఎందరో గృహస్థులు ముందుకు వస్తారు.

నేడు ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థులు పది పదిహేనేళ్ళలో గృహస్థులవుతారు. వారిలో కొందరు ఇంజనీర్లు, కొందరు అధికారులు, కొందరు వారసులు కావచ్చు. ఏదో ఒకనాడు తాతగారి ఇంటిని గూర్చి నిర్ణయం చేయవలసిన బాధ్యత వారిమీద పడుతుంది. అప్పుడు ధర ఎంత పలుకుతుందని అడగడానికి ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ ఇంటిలోకి నీరు ఎక్కడినుంచి వస్తున్నది? ఏ గోడ ఊపిరి పీల్చుతున్నది, ఏ గోడ ఉక్కిరిబిక్కిరవుతున్నది? ఇందులో ఎవరు సుఖపడ్డారు, ఎవరు కష్టపడ్డారు? పెరటిలో నుయ్యి ఉన్నదా, పూడ్చారా? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకిన తరువాత, నిలపడమా కూల్చడమా అన్నది ఆవేశంతో కాక ఆలోచనతో తేల్చుకోగలుగుతారు.

పూర్వులు కట్టినదానిని కళ్ళు మూసుకొని కాపాడడం భక్తి అనిపించుకోవచ్చు. కళ్ళు మూసుకొని కూల్చడం ధైర్యం అనిపించుకోవచ్చు. కళ్ళు తెరచి చూచి, మంచిని నిలిపి, చెడును తొలగించి, కొత్తదానిని పొసగునట్లు చేర్చడమే సంస్కారం. గుడికైనా ఇంటికైనా జీర్ణోద్ధరణ అనే మాటకు అసలైన అర్థం అదే.